ఇరుకు ప్యాడ్ మీద సాల్ట్ క్లోరినేటర్: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి

డల్లాస్ చుట్టుపక్కల పెరట్లో పూల్ ఉన్న తెలుగువాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. పూల్ ఎంత పెద్దదైనా పంపు, ఫిల్టర్, హీటర్ కూర్చునే సిమెంటు ప్యాడ్ మాత్రం కంచెకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. మా ఇంట్లో అది 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. దాని మీద సాల్ట్ క్లోరినేటర్ (పూల్ ఉప్పునీళ్ల నుంచి కరెంటుతో క్లోరిన్ తయారుచేసే పరికరం) పెట్టించాక మొదటి నెలంతా ఏదో ఒక హెచ్చరిక లైటు వెలుగుతూనే ఉండేది. అందులో క్లోరిన్ పుట్టే పలకలున్న భాగం, అంటే సెల్, పాడైందనుకుని కొత్తది కొనబోయాను. తీరా చూస్తే సెల్ బాగానే ఉంది. దాన్ని కూర్చోబెట్టిన చోటూ, కరెంటు కలిపిన తీరూ బాగాలేవు. కొత్త సెల్ కోసం వందల డాలర్లు పెట్టే ముందు మీరూ ఇవి చూసుకోండి.

ప్యాడ్ మీద ఏ పని మొదలుపెట్టినా ముందు బ్రేకర్ ఆపి, కరెంటు లేదని మీటరుతో ఖాయం చేసుకోండి.

సమస్య: పంపు నడుస్తోంది, అయినా "నో ఫ్లో" లైటు వెలుగుతోంది

ఇరుకు ప్యాడ్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. నీటి ప్రవాహాన్ని కనిపెట్టే ఫ్లో స్విచ్ కొన్ని మోడళ్లలో సెల్‌లోనే ఉంటుంది, కొన్నిట్లో సెల్ పక్కన పైపులో విడిగా ఉంటుంది. దాని ముందు నీళ్లు నిలకడగా రావాలి. చోటు లేక ఎల్బో పక్కనే స్విచ్ బిగిస్తే, మలుపులో సుడి తిరిగిన నీళ్లు స్విచ్ లోపలి రెక్కను ఊపుతుంటాయి. లైటు కాసేపు వెలుగుతుంది, కాసేపు ఆరిపోతుంది.

విడి స్విచ్ అయితే దాని ముందు 12 అంగుళాలు వంపు లేని పైపు ఉండాలని చాలా మాన్యువళ్లు చెబుతాయి. ప్యాడ్ మీద అంత చోటు లేకపోతే పైన వెతకండి. పైపును నిలువుగా లేపి అక్కడ ఆ 12 అంగుళాలు సంపాదించవచ్చు. నీళ్లు కింది నుంచి పైకి వెళ్లే నిలువు పైపులో స్విచ్ పెట్టడానికి మీ మోడల్ ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. ఇంకో చోటు కూడా దొరుకుతుంది. క్లోరిన్ బిళ్లలు వేసే పాత డబ్బా ఇంకా పైపుకే ఉంటే తీసేయండి, ఇక దానితో పని లేదు. మా ప్యాడ్‌లో సెల్ సరిగ్గా ఆ ఖాళీలోనే కూర్చుంది.

పైపులు కోసే ముందు ఇంకో మూడు చూడండి. స్విచ్ మీది బాణం నీళ్లు పారే వైపే ఉందా? ఫిల్టర్ మురికిపట్టిందా? వేరియబుల్ స్పీడ్ పంపు మరీ నెమ్మదిగా తిరుగుతోందా? పంపు వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ లైటు ఆరిపోయే అంకె పట్టుకోండి. ఆపైన ఓ 200 ఆర్‌పీఎం కలిపి అక్కడ ఉంచండి. ఫిల్టర్ కొంచెం మురికైనా అప్పుడు ఇబ్బంది రాదు.

సమస్య: పంపు ఆగింది, కంట్రోల్ బాక్స్ (సెల్‌కు కరెంటు పంపే పెట్టె) ఇంకా వెలుగుతోంది

ఇది ఎవరింట్లో కనబడినా నాకు టెన్షన్ పుడుతుంది, ఎందుకంటే ఇది ప్రాణాలతో చెలగాటం. ఉప్పునీళ్లలో కరెంటు పారినప్పుడు సెల్‌లో క్లోరిన్‌తో పాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. నీళ్లు పారుతున్నంతసేపు అది బుడగలుగా పూల్‌లోకి వెళ్లి గాలిలో కలిసిపోతుంది. నీళ్లు నిలిచిపోయి సెల్ పనిచేస్తూనే ఉంటే ఆ వాయువు పైపులో పోగుపడుతుంది. అలా పోగుపడిన హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగిలితే సెల్ పేలిపోతుంది.

పాత పద్ధతిలో పంపు టైమర్ తర్వాతి వైర్ల నుంచి క్లోరినేటర్‌కు కరెంటు ఇచ్చేవారు. పంపు ఆగితే అదీ ఆగేది. వేరియబుల్ స్పీడ్ పంపులో టైమర్ లోపలే ఉంటుంది, దానికి కరెంటు 24 గంటలూ వస్తూనే ఉంటుంది. బాక్స్‌ను ఆ వైర్లకే కలిపేస్తే ఇక కాపలా ఒక్క ఫ్లో స్విచ్‌దే. అది ఇరుక్కుపోయిన రోజు ఆపేవాళ్లెవరూ ఉండరు. మా ఇంట్లో బిగించినతను సరిగ్గా ఇలాగే కలిపి వెళ్లాడు.

ఆటోమేషన్ ప్యానెల్ ఉంటే, పంపు తిరుగుతున్నప్పుడే బాక్స్‌కు కరెంటు వచ్చేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టించండి. లేకపోతే విడి టైమర్ పెట్టించి, పంపు మొదలైన కాసేపటికి సెల్ మొదలయ్యేలా, పంపు ఆగేముందే సెల్ ఆగేలా సమయాలు పెట్టండి. కరెంటు పోయి వస్తే రెండు గడియారాలూ ఒకే సమయం చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోవాలి. ఈ పని, దాంతోపాటు బాండింగ్ రాగి వైరు (పూల్ లోహపు భాగాలన్నిటినీ ఒకటిగా కలిపే తీగ) పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

సమస్య: ఉప్పు వేశాం, ఇంకా "లో సాల్ట్" అంటోంది

వెంటనే ఇంకో బస్తా కుమ్మరించకండి. ఉప్పు ఎక్కువైతే కొంత నీళ్లు తోడి పారబోసి కొత్త నీళ్లు నింపడం తప్ప వేరే దారి లేదు. బాక్స్ ఉప్పును నేరుగా కొలవదు, పలకల మధ్య పారే కరెంటును బట్టి లెక్క కడుతుంది. నీళ్లు చల్లబడ్డా, పలకలకు పొర పట్టినా, సెల్ ముసలిదైనా అంకె తగ్గుతుంది. ముందు 24 గంటలు పంపు నడిపి, పూల్ నీళ్లను స్ట్రిప్‌తోనో, షాపులోనో విడిగా పరీక్షించండి.

చాలా మోడళ్లకు 3,000 పీపీఎం (పది లక్షల వంతుల నీళ్లలో ఇన్ని వంతులు) చుట్టుపక్కల ఉప్పు కావాలి. 15,000 గ్యాలన్ల పూల్‌లో బొత్తిగా ఉప్పు లేకపోతే అంతవరకు తేవడానికి సుమారు 375 పౌండ్లు పడుతుంది. అంటే 40 పౌండ్ల బస్తాలు తొమ్మిదికి పైగా. నీళ్లలో ముందే ఎంత ఉందో చూసి ఆ మేరకు తగ్గించుకోండి. చలికాలంలో నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే చాలా సెల్‌లు పని తగ్గించుకుంటాయి, ఇంకా చల్లబడితే ఆగిపోతాయి. అది రిపేరు కాదు. ఆ రోజుల్లో లిక్విడ్ క్లోరిన్ వాడండి.

సమస్య: రిటర్న్‌ల (పూల్‌లోకి నీళ్లు తిరిగొచ్చే రంధ్రాల) నుంచి తెల్లటి రేకులు పడుతున్నాయి

పలకల మీద గడ్డకట్టిన కాల్షియం అది. సాల్ట్ పూల్‌లో హైడ్రోజన్ బుడగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోస్తుంటాయి, అందుకే పీహెచ్ పెరుగుతూ పోతుంది. దాన్ని 7.8 దాటనివ్వకండి. పొర మందంగా ఉంటే సెల్ విప్పి, నాలుగు వంతుల నీళ్లలో ఒక వంతు మ్యూరియాటిక్ యాసిడ్ కలిపి కొన్ని నిమిషాలు నానబెట్టండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. గ్లోవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో గీకితే పలకల మీది పూత పోతుంది, పూత పోయిన సెల్ ఇక పనికిరాదు.

ఈ శుభ్రం కోసమైనా సెల్‌ను విప్పగలిగేంత చోటు ఉంచాలి. ఫిల్టర్ మూత మీదుగా సెల్ పైపు వేస్తే ఇంకో చిక్కు ఉంది. ఫిల్టర్ లోపలి కార్ట్‌రిడ్జ్‌లు (నీళ్లను వడకట్టే గొట్టాలు) పైకి లాగడానికి రాదు. పైపులు అతికించే ముందే ఫిల్టర్ తెరిచి, ఒక కార్ట్‌రిడ్జ్ బయటికి తీసి చూడండి.

సమస్య: హీటర్ లోపల తుప్పు

ఇరుకులో కొందరు ఖాళీ దొరికిందని హీటర్ ముందే సెల్ పెట్టేస్తారు. అప్పుడు ఘాటైన క్లోరిన్ నీళ్లు నేరుగా హీటర్ రాగి గొట్టాల్లోకి పోతాయి. వరుస ఎప్పుడూ పంపు, ఫిల్టర్, హీటర్, చివరికి సెల్. పంపు ఆగాక నీళ్లు వెనక్కి రాకుండా హీటర్‌కూ సెల్‌కూ మధ్య చెక్ వాల్వ్ పెట్టండి.

సమస్య: అన్ని లైట్లూ ఆకుపచ్చగా ఉన్నాయి, క్లోరిన్ మాత్రం సున్నా

టెక్సస్ ఎండలో స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే సయన్యూరిక్ యాసిడ్) లేకపోతే పగలు పుట్టిన క్లోరిన్ పగలే ఎగిరిపోతుంది. సాల్ట్ పూల్‌కు 60 నుంచి 80 పీపీఎం స్టెబిలైజర్ ఉండేలా చూసుకోండి. తర్వాత లిక్విడ్ క్లోరిన్‌తో పూల్‌ను ఒకసారి మామూలు స్థాయికి తెచ్చి, అక్కడి నుంచి సెల్‌కు అప్పగించండి. సున్నా నుంచి పైకి లాగడం ఒక్క సెల్ వల్ల కాదు.

సమస్య: యూనియన్ (చేత్తో విప్పి బిగించే పైపు జాయింటు) దగ్గర నీటి చుక్కలు

రెంచ్‌తో బిగించకండి, ప్లాస్టిక్ చిట్లుతుంది. ఓ-రింగ్ (జాయింటు లోపలి రబ్బరు రింగు) తీసి ఇసుక తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి చేత్తోనే బిగించండి. అయినా కారుతుంటే పైపులు ఒకే వరుసలో లేవన్నమాట. బలవంతంగా లాగి కలిపిన పైపు ఎన్నిసార్లు బిగించినా కారుతూనే ఉంటుంది. అక్కడ కోసి, ముందు జిగురు లేకుండా అమర్చి చూసి, సరిపోయాకే మళ్లీ అతికించండి. జిగురు డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే పంపు వేయండి.