ఊరి చివర హోటల్ గది: దూరం లెక్క, నిద్ర లెక్క

బుకింగ్ యాప్‌లో ‘సిటీ సెంటర్‌కి 6 కి.మీ.’ అని కనిపించే అంకె చాలాసార్లు మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచిన గీత. మధ్యలో నది ఉన్నా, దాటడానికి వీల్లేని రైలు పట్టాలున్నా గీతకేం అడ్డు? అడ్డమంతా మీ టాక్సీకే. అందుకే కిలోమీటర్లు వదిలేసి నిమిషాలు చూడండి. మ్యాప్ యాప్‌లో హోటల్ నుంచి మీకు పనున్న చోటికి దారి అడిగి, బయలుదేరే టైమును మీరు నిజంగా వెళ్లే రోజుకీ గంటకీ మార్చండి. సెలవు రోజు రాత్రి చూస్తే 15 నిమిషాలు చూపించిన దారే పనిరోజు ఉదయం 45 చూపించవచ్చు. తిరుగు దారినీ విడిగా చూడాలి. సాయంత్రం జనమంతా ఊరి మధ్య నుంచి బయటికే వెళ్తుంటారు, మీరూ వాళ్లతోపాటే.

బస్సులోనో రైల్లోనో తిరిగేవాళ్లు ఎన్ని నిమిషాలకు ఒకటి ఉందో, ఆఖరిది ఎన్నింటికో, సెలవు రోజుల్లో ఆ వేళలు మారతాయేమో ముందే రాసి పెట్టుకోవాలి. పది నిమిషాలకు ఒకటుంటే టైము చూసుకోకుండా బయలుదేరవచ్చు. నలభై నిమిషాలకు ఒకటైతే మీ రోజంతా ఆ టైంటేబులు చెప్పినట్టే నడుస్తుంది. స్టాపు నుంచి హోటల్‌ దాకా నడకను తక్కువ అంచనా వెయ్యకండి. మామూలు నడక నిమిషానికి సుమారు 80 మీటర్లు, అంటే 500 మీటర్లకు ఆరు నిమిషాల పైమాటే. చక్రాల సూట్‌కేసు లాగుతూ, ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్కన అయితే పది అనుకోండి. మ్యాప్‌లో వీధి ఫొటోలు ఉంటే తెరిచి దీపాలున్నాయో లేదో, హైవే దాటాలో ఏమో చూడండి. ఎదురుగా కనిపించే స్టాపు కోసం ఫ్లైఓవర్ చుట్టి రావాల్సిన హోటళ్లు ఊరి చివర చాలానే ఉంటాయి.

డబ్బు లెక్కకు కాగితం మీద రెండు వరుసలు చాలు. సెంటర్లో గదికీ ఇక్కడి గదికీ రోజుకు తేడా ఎంతో మొదటి వరుసలో, రోజూ రానుపోను ఖర్చు రెండో వరుసలో. బస్సు టికెట్టు తలకు ఇంత, టాక్సీ బండికి ఇంత కాబట్టి ఇద్దరుంటే ఒక లెక్క, నలుగురుంటే మరో లెక్క. సొంత బండి ఉంటే సెంటర్లో పార్కింగ్ రుసుము కలపడం మర్చిపోవద్దు; చాలామందికి తక్కెడ మొగ్గేది అక్కడే. ఒక్క రాత్రి బస, తెల్లారగానే ఊరి మధ్యలో పని అయితే శివారు హోటల్ గిట్టదు. మూడు నాలుగు రాత్రులు ఉండి, పని కూడా అటువైపే అయితే గిట్టుతుంది.

శివారు అన్నంత మాత్రాన నిశ్శబ్దం గ్యారంటీ ఏమీ లేదు. శాటిలైట్ వ్యూ పెట్టి హోటల్ చుట్టూ ఒక కిలోమీటరు మేర చూడండి: రింగ్ రోడ్డు, లారీలు ఆగే ఖాళీ జాగా, రైలు మార్గం. విమానాశ్రయం దగ్గరైతే రన్‌వే గీతను రెండు వైపులా పొడిగించి చూడండి. హోటల్ ఆ గీత కింద ఉంటే వేరేది వెతుక్కోవడమే మేలు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి ‘శబ్దం’, ‘నిద్ర’, ‘గోడలు’ అనే మాటలతో వెతకండి. పక్కన బిల్డింగు కడుతున్న సంగతి గత రెండు మూడు నెలల రివ్యూల్లోనే దొరుకుతుంది.

ఇక గది. ఈ వ్యవహారమంతా దీనిమీదే నిలబడి ఉంటుంది. ఒకే హోటల్లో ఒక గది పడుకోవడానికి బంగారం, దాని ఎదుటి గది నరకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో పడకగది లోపల రాత్రి శబ్దం సగటున 30 డెసిబెల్స్ మించకూడదని చెప్పింది. రోడ్డు నుంచి దూరం రెట్టింపైతే ట్రాఫిక్ రొద తగ్గేది సుమారు 3 డెసిబెల్సే, అది చెవికి తెలిసీ తెలియనంత. అదే బిల్డింగులో వెనకవైపు గది తీసుకుంటే బిల్డింగే అడ్డుగోడ అవుతుంది. 10 డెసిబెల్స్ తగ్గినా చెవికి రొద సగమైనట్టు ఉంటుంది.

కాబట్టి హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. ‘ప్రశాంతమైన గది ఇవ్వండి’ అంటే ‘అలాగే సర్’ అంటారు. వాళ్ల దృష్టిలో అన్నీ ప్రశాంతమైనవే. రిసెప్షన్లో కూర్చున్న మనిషి తన చార్టులో వెతకగలిగేలా అడగాలి. రోడ్డుకు వెనకవైపు, లిఫ్టుకు మూడు నాలుగు తలుపుల అవతల, పక్క గదిలోకి తలుపు లేనిది, పై అంతస్తుకు ఒకటి కింద. పక్క గదికి తీసే తలుపు గోడ కంటే చాలా పలచన, అవతలి టీవీ మాటమాటా వినిపిస్తుంది. పై అంతస్తు మీద నీళ్ల పంపు, ఏసీల బయటి యూనిట్లు ఉంటాయి. వాటి సన్నటి గూం శబ్దం కాంక్రీటు గుండా దిగి వస్తుంది, ఇయర్‌ప్లగ్గులకూ సరిగ్గా లొంగదు. మరీ కింది అంతస్తుకు వంటగది చప్పుళ్లు, కుర్చీలు జరిపే మోత. వెనకవైపు అడిగేటప్పుడు జనరేటర్, చెత్తడబ్బాలు ఎటున్నాయో తప్పకుండా అడగండి. రోడ్డు రొద తప్పించుకుని తెల్లవారుజామున చెత్త బండికి దొరికిపోవడం మామూలే. ఆ రోజుల్లో బాంకెట్ హాల్లో ఏదైనా ఫంక్షన్ ఉందేమో కూడా ఆ ఫోన్లోనే తెలుసుకోండి.

చిన్న హోటళ్లలో రిసెప్షన్ రాత్రంతా తెరిచి ఉండదు. ఆలస్యంగా చేరేవాళ్లు వచ్చే టైము చెప్పి, తలుపు ఎలా తీసుకోవాలో ముందే అడిగి రాసుకోవాలి. డబ్బు కట్టని బుకింగైతే సాయంత్రం దాటాక గది వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. మొదటి రాత్రి మీరు రాకపోతే మిగతా రాత్రులు కూడా రద్దు చేసే చోట్లున్నాయి, కాబట్టి ఒక రోజు ఆలస్యమైనా కబురు పెట్టండి. ఉచితంగా రద్దు చేసుకునే గడువు సాధారణంగా హోటల్ ఉన్న ఊరి టైము ప్రకారం లెక్క.

గదిలోకి వెళ్లాక సామాను విప్పకముందు ఐదు నిమిషాలు కేటాయించండి. బ్యాగులు బాత్రూంలోనో లగేజీ స్టాండు మీదో ఉంచి, దుప్పటి మూల ఎత్తి పరుపు కుట్లు, తలవైపు చెక్క వెనక చూడండి. నల్లటి చుక్కలుంటే అవి నల్లుల గుర్తులు. ఏసీ, ఫ్యాను ఆపి ఒక నిమిషం ఊరికే నిలబడండి. అప్పుడు ఫ్రిజ్ మోత, కిటికీ సందులోంచి వచ్చే హోరు తెలుస్తాయి. కిటికీ పూర్తిగా పడుతుందా? వేడినీళ్లు వస్తున్నాయా? తలుపు లోపలి గొళ్లెం పడుతుందా? బాత్రూంలో డ్రైనేజీ వాసన వస్తే గాభరా వద్దు. వాడకుండా ఉన్న గదిలో జాలీ కింద వంపు గొట్టంలోని నీళ్లు ఆరిపోయి, లోపలి గాలి పైకి వస్తుంది. రెండు మగ్గుల నీళ్లు పోసి అరగంట చూడండి. అప్పటికీ పోకపోతే గది మార్చమనండి. మార్చమనాలంటే పక్క నలగక ముందే అడగాలి. మర్నాడు ఉదయం ఫిర్యాదు చేస్తే సారీ తప్ప గది దొరక్కపోవచ్చు.

వేరే గది లేకపోతే ముందు తలుపు కింద సందు మూయండి. గోడ ఎంత మందంగా ఉన్నా తలుపు వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు చాలు, తలుపు 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. తువ్వాలు గట్టిగా చుట్టి సందుకు నొక్కితే వరండా మాటలు తగ్గుతాయి. ఫోమ్ ఇయర్‌ప్లగ్గును వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి 30 సెకన్లు వేలితో పట్టి ఉంచాలి. చాలామంది నలపకుండా తోసేసి ‘ఇవి పనిచేయవు’ అంటారు. అలారం వినపడదు కాబట్టి ఫోన్ వైబ్రేషన్లో పెట్టి దిండు కింద ఉంచుకోండి. ఆగి ఆగి వచ్చే చప్పుళ్లకు ఏసీని ఫ్యాన్ మోడ్‌లో నడపడం మంచి మందు.

కీకార్డు గోడ స్లాటులోంచి తీయగానే చాలా గదుల్లో ప్లగ్గులకు కరెంటు పోతుంది. చార్జింగ్‌లో పెట్టి బయటికి వెళ్తే తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ అలాగే ఉంటుంది, కాబట్టి రెండో కార్డు అడగండి. ఊరి చివర రాత్రిపూట తిండి దొరకడం కష్టం. వంటగది ఎన్నింటికి మూస్తారో చెక్ ఇన్ చేస్తూనే అడిగి, ఆ టైము దాటి వచ్చే రోజున తినేసి రండి.

పెందలాడే బయలుదేరాలంటే పనులన్నీ ముందురోజు రాత్రే. బిల్లు కట్టేయండి, టిఫిన్ మొదలయ్యేలోపే వెళ్తుంటే పొట్లం కట్టించమనండి, టాక్సీ బుక్ చేయండి. తెల్లవారుజామున శివారులో యాప్ టాక్సీలు పలకడం తక్కువ కాబట్టి రిసెప్షన్ ద్వారా తెలిసిన డ్రైవరును మాట్లాడుకుని, అతని నంబరు మీ ఫోన్లో పెట్టుకుని పడుకోండి.