బ్లాకౌట్ రాత్రికి ముందు ఇంట్లో చూసుకోవలసినవి

యుద్ధం వస్తే, శత్రు విమానాలకు ఊరు కనబడకుండా దీపాలు ఆర్పడం, అంటే బ్లాకౌట్, ఎంత పని అనిపిస్తుంది. కానీ 1939 సెప్టెంబరు 1న బ్రిటన్‌లో బ్లాకౌట్ మొదలయ్యాక చీకట్లో రోడ్డు ప్రమాదాల మరణాలు బాగా పెరిగాయి. జనం తడబడకుండా కాలిబాటల అంచులకు తెల్లరంగు పూయవలసి వచ్చింది.

• కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టండి, చట్రం దాటి జానెడు ఎక్కువే ఉండనివ్వండి. లోపలి నుంచి చూసి తృప్తిపడకండి. దీపం వెలిగించి, బయటికి వెళ్లి చూడండి. తలుపు కింద సందు, వెంటిలేటరు, చివరికి తాళం రంధ్రం కూడా ఇంటిగుట్టు బయటపెడతాయి.

• అన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటరు వద్దే వద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

• మంచం కిటికీకి దూరంగా జరపండి. అద్దానికి టేపు అతికిస్తే పెంకులు చెదరడం కొంత తగ్గుతుందేమో గాని, అద్దం పగలకుండా ఆగదు.

• టార్చి, చెప్పులు, మందులు మంచం పక్కన, రోజూ ఒకే చోట.

• నడిచే దారిలో స్టూళ్లు, బకెట్లు తీసేయండి.

• ఫోను చీకటి పడకముందే ఛార్జి చేయండి.

• పిల్లలను పగలే ఒకసారి కళ్లు మూసుకుని గది నుంచి గదికి నడవమనండి. వాళ్లకు ఆట, మీకు సాధన.