మూతపడిన వ్యాపారాలను తిరిగి తెరిచే ముందు జాగ్రత్తలు

కోవిడ్ వంటి మహమ్మారి వేళ ఒక్కరోజు కేసులు తగ్గాయని తాళాలు తీయకూడదు. వైరస్ సోకిన 14 రోజుల వరకు లక్షణాలు బయటపడవచ్చు కనుక, తగినన్ని పరీక్షలు చేస్తూ, పాజిటివ్‌లు కనీసం రెండు వారాలు 5 శాతం లోపే ఉన్నాయని నిర్ధారించుకోవాలి.

ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడకలు మిగిలి ఉన్నాయేమో చూడాలి.

టోకు మార్కెట్లను చివరగా, విడదీసి తెరవడం మేలు. 2020లో చెన్నై కోయంబేడు టోకు మార్కెట్ నుంచి వ్యాధి చిత్తూరు జిల్లా దాకా పాకింది.

కర్మాగారాలకు ఇంతకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకులోని స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే విషపూరిత ద్రవ రసాయనం) వేడెక్కి, ఆవిరై, విశాఖ సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంపై కమ్ముకుంది. అందుచేత ట్యాంకుల ఉష్ణోగ్రతను, వాల్వులను, పైపులను తనిఖీ చేశాకే యంత్రాలు తిప్పాలి. మొదటి వారం ప్రయోగాత్మకంగానే నడపాలి. కూలి డబ్బులు పోతాయన్న భయంతో కార్మికులు జ్వరం దాచుకోకుండా, జీతంతో కూడిన సెలవును ముందే ప్రకటించాలి.