మైలు దూరం గురికి రేంజ్‌ఫైండర్ కొనేముందు

ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాక గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. సర్వీసంతా ఓపీలో (అబ్జర్వేషన్ పోస్టులో) కూర్చుని ఎదురుగా కనిపించేది ఎంత దూరంలో ఉందో చెప్పడమే నా పని. టెక్సస్‌లో ఉండే మా మేనల్లుడు లాంగ్ రేంజ్ రైఫిల్ షూటింగ్ పోటీలకు వెళ్తున్నాడు. "మావయ్యా, ఒక రేంజ్‌ఫైండర్ డబ్బా మీద నాలుగు వేల గజాలని రాసుంది, కొనెయ్యనా?" అని ఫోన్ చేశాడు. రేంజ్‌ఫైండర్ అంటే లేజర్‌తో దూరం కొలిచే పరికరం. వాడికి చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పోటీలేమో 10, 25, 50, 300 మీటర్ల దగ్గర జరుగుతాయి, అక్కడ దూరం ముందే తెలుసు కాబట్టి ఈ పరికరంతో పనే లేదు. ఇది బయటి దేశాల్లో, అనుమతి ఉన్న రేంజిల్లో వెయ్యి గజాలు దాటి ఇనుప ప్లేట్లు కొట్టే మనవాళ్ళ కోసం.

అంత దూరంలో తూటా నేరుగా పోదు, కిందికి వాలుతూ దిగుతుంది. .308 రైఫిల్‌తో వెయ్యి గజాల దగ్గర మీరు దూరాన్ని పది గజాలు తప్పు చెబితే, తూటా ఇంచుమించు జానెడు పైకో కిందికో పోతుంది. అదే ఇంకా దూరం కొట్టే .338 లాపువా రైఫిల్‌తో మైలు దూరంలో అయితే ఇంచుమించు అడుగు తేడా. ఇప్పుడొచ్చే మంచి పరికరాలన్నీ మీటరు అటూఇటూగా సరిగ్గానే కొలుస్తాయి. పదీ ఇరవై గజాల తేడా వచ్చిందంటే అది కొలతలో తప్పు కాదు, మీరు అనుకున్న వస్తువు కాకుండా వేరేదాన్ని కొలిచిందన్నమాట.

లేజర్ పోయి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి పరికరం దూరం చెబుతుంది. 1500 మీటర్లకు ఆ రాకపోకలకు పట్టేది సెకనులో లక్షో వంతు. ఆ బీమ్ సూదిలా ఉండదు, టార్చిలైటు వెలుగులా పోనుపోను విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందో మిల్లీరేడియన్లలో చెబుతారు. ఒక మిల్ అంటే కిలోమీటరు దూరంలో మీటరు వెడల్పు. 2 మిల్ వెడల్పు, 1 మిల్ ఎత్తు ఉన్న బీమ్‌ని 1600 మీటర్లలో ఉన్న రెండడుగుల ప్లేట్ మీద పెట్టారనుకోండి. అక్కడికి చేరేసరికి అది 3.2 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల ఎత్తు అవుతుంది. అందులో ప్లేట్ మీద పడేది పద్నాలుగో వంతు. మిగతాదంతా ముందున్న గడ్డి మీదో, వెనకున్న మట్టిగట్టు మీదో పడుతుంది. తెర మీద నిక్షేపంగా ఒక అంకె వస్తుంది, అది గట్టు దూరం! అందుకే నేను మొదట అడిగేది బీమ్ ఎంత సన్నం అని. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే దూరం అద్దంలా మెరిసే రిఫ్లెక్టర్ బోర్డుకి చెప్పింది. దాని కింద చెట్టుకి ఎంత, జింకకి ఎంత అని చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ జింక అంకె మీ అవసరానికి సరిపోతుందో లేదో చూడండి.

బీమ్ సన్నగా ఉన్నా, గురిపెట్టడానికి పరికరంలో మీరు చూసే గుర్తు ఉన్నచోటే అది పడాలి. కొత్త పరికరంలో కూడా ఇది కాస్త పక్కకి ఉండొచ్చు. పరీక్ష తేలిక. మొన్న సంక్రాంతికి మావాడు వచ్చినప్పుడు, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని ఒక కరెంటు స్తంభాన్ని మిరపచేల మధ్య వెతికి చూపించాను. ట్రైపాడ్ మీద పెట్టి, ఆపకుండా కొలుస్తూ పోయే స్కాన్ మోడ్‌లో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పాలి. అంకె ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకోవాలి. ఆ రెంటికీ నడిమధ్యే బీమ్ ఉన్న చోటు. పై-కింద చూడ్డానికి ఏదైనా డాబా పిట్టగోడ అంచు సరిపోతుంది. గుర్తు నడుమ లేకపోతే, ఎంత పక్కకి ఉందో కాగితం మీద గీసుకుని ఆ మేరకు సర్ది గురిపెట్టాలి. బాగా పక్కకి ఉంటే పరికరమే మార్చుకోవడం మంచిది.

తగిలే వస్తువు కూడా ముఖ్యమే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. సీతానగరం ఘాట్ నుంచి అవతలి ఒడ్డు కొంచెం అటూఇటూగా అంతే దూరం. అక్కడి నుంచి చూస్తే సున్నం వేసిన గోడ చటుక్కున అంకె ఇస్తుంది, ఇంద్రకీలాద్రి నల్లరాయి తడుముకుంటుంది, నది నీళ్ళు అసలేమీ ఇవ్వవు. జనవరి పొద్దుటి మంచులో ఒడ్డుకి బదులు మంచునే కొలిచి తక్కువ అంకె చూపిస్తుంది. మరో విషయం, 905 నానోమీటర్ల లేజర్‌ని (ఈ అంకె లేజర్ వెలుగు తరంగదైర్ఘ్యం) పచ్చటి ఆకు బాగా తిప్పికొడుతుంది. ఉండవల్లి వైపు అరటితోటని దూరం నుంచి కొలిచి మురిసిపోకండి. తడిసిన నల్లరేగడి మీద ప్రయత్నించండి, సత్తా తెలుస్తుంది. (జనం వైపు, వాహనాల వైపు మాత్రం పెట్టొద్దు. బ్యారేజీ మీద కాపలా వాళ్ళుంటారు, అడిగితే చూపించి చెప్పండి.)

బజారులో దొరికేవి ఎక్కువగా 905వే. 1550 నానోమీటర్లవి ఖరీదెక్కువ. కంటికి హాని లేకుండా ఎక్కువ పవర్ వాడొచ్చు గనక దూరం పోతాయి, కాకపోతే తడిగాలిలో కాస్త నీరసిస్తాయి. రెండు కిలోమీటర్ల లోపయితే సన్నటి బీమ్ ఉన్న మంచి 905 చాలు, అంతకు మించి డబ్బు పొయ్యనక్కర్లేదని నా అభిప్రాయం. న్యూ మెక్సికోలోని రాటన్‌లో జరిగే రెండు మైళ్ళ పోటీల్లాంటి వాటికి, అంటే 3219 మీటర్లకి, 1550 గురించి ఆలోచించండి.

ట్రైపాడ్ మరలేని పరికరం ఎంత చౌకైనా వద్దు. మైలు దూరంలో చేతి వణుకే బీమ్‌ని ప్లేట్ మీది నుంచి తప్పించేస్తుంది. ఎండ నడినెత్తిన ఉంటే రేంజ్ పడిపోతుంది, పొద్దునా సాయంత్రమూ కొలవండి. తూటా ఎంత వాలుతుందో చెప్పే బాలిస్టిక్ లెక్క లోపలే ఉన్నవి సౌకర్యమే. వేరే యాప్ వాడేవాళ్ళకి ఒక్క జాగ్రత్త. పరికరంలో ఏటవాలు సర్దుబాటు (వాలుని బట్టి దూరాన్ని తగ్గించి చూపేది) ఆపేసి, నేరు దూరాన్నే యాప్‌కి ఇవ్వండి. 20 డిగ్రీల వాలులో 1200 మీటర్లని అది 1128గా చూపిస్తుంది, యాప్ మళ్ళీ తగ్గిస్తే రెండుసార్లు తగ్గినట్టు. గజాలా మీటర్లా అన్నది కూడా చూసుకోండి, 1500 గజాలంటే 1372 మీటర్లే.

కొన్నాక, మ్యాప్‌లో కొలిచి పెట్టుకున్న మూడు నాలుగు దూరాల మీద పొద్దున ఒకసారి, ఎండలో ఒకసారి చూడండి. అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపెయ్యండి.