సందు కప్పే ముందు వీధిని చదవండి
(ఇంగ్లండ్ కన్సర్వేషన్ ఏరియాలో ఇంటి ఎక్స్‌టెన్షన్: మూడో పాఠం)

కిందటి పాఠం చివర మీకొక పని అప్పగించాను. కౌన్సిల్ వెబ్‌సైటులోని పటం తెరిచి, మీ ఇల్లు కన్సర్వేషన్ ఏరియా (పాత స్వభావాన్ని కాపాడటానికి కౌన్సిల్ గీత గీసి ప్రకటించిన ప్రాంతం) గీతకు లోపల ఉందో బయట ఉందో చూడమన్నాను. లోపల ఉంటే, మీ వీధికి ఆర్టికల్ 4 ఆదేశం (మామూలుగా అనుమతి అక్కరలేని కొన్ని పనులకూ అనుమతి తప్పనిసరి చేసేది) ఉందేమో కూడా కనుక్కోమన్నాను. గీతకు బయట ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఈ పాఠాన్ని సరదాగా చదువుకోవచ్చు. లోపల ఉన్నవాళ్లు మాత్రం కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చోండి.

ఈసారి ఒకే ఒక్క ఇంటిని తీసుకుందాం. 1890ల నాటి టెర్రస్ ఇల్లు. ఇక్కడ టెర్రస్ అంటే మన డాబా కాదు, గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరుస. మన ఇంటికి ముందు వైపు రెండు గదులు. వెనక రెండంతస్తుల సన్నని భాగం ఒకటి తోకలా పెరట్లోకి పొడుచుకుని వస్తుంది. కింద వంటగది, పైన స్నానాల గది. ఆ తోకకూ పక్కింటి సరిహద్దు గోడకూ నడుమ మీటరున్నర సందు. దీన్నే సైడ్ రిటర్న్ అంటారు. చెత్త డబ్బాలు, తుప్పు పట్టిన సైకిలు, నాచు తప్ప అందులో ఏమీ ఉండవు. ఆ సందుకు పైకప్పు వేసి వంటగదిలో కలిపేసుకుందామని, ఇల్లు కొన్న మొదటి వారంలోనే ఎవరికైనా అనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది జారిపడతారు. టెర్రస్ ఇంటికి వెనక వైపు మూడు మీటర్ల వరకు ఒకే అంతస్తుగా, మిగతా కొలతల నియమాలకు లోబడి, ప్లానింగ్ పర్మిషన్ లేకుండా కట్టుకోవచ్చు. ఈ మాట కన్సర్వేషన్ ఏరియాలో కూడా నిజమే. 'సందు వెనకే కదా ఉంది' అనుకుని మేస్త్రీని పిలుస్తారు. కానీ కన్సర్వేషన్ ఏరియాలో అసలు ఇంటి పక్క గోడను దాటి కట్టేదానికి ఈ మినహాయింపు వర్తించదు. తోకకు సందు వైపున్న గోడ కూడా పక్క గోడే. కాబట్టి సందును కప్పాలంటే దరఖాస్తు తప్పదు. 'అసలు ఇల్లు' అంటే మీరు కొన్నప్పటి ఇల్లు కాదు, 1948 జులై 1 నాటికి ఎలా ఉందో ఆ ఇల్లు. ఆ తర్వాత కట్టిన ఇల్లయితే మొదట కట్టినప్పటి రూపం.

ఇక దరఖాస్తులో అందరినీ బెదరగొట్టే కాగితం ఒకటుంది: హెరిటేజ్ స్టేట్‌మెంట్, అంటే ఆ చోటి పాతదనం విలువేమిటో, మన పని దాన్ని ఎలా తాకుతుందో చెప్పే పత్రం. పేరుకే పెద్దది. మన సందు లాంటి చిన్న పనికి రెండు పేజీలు చాలు. అయితే ఆ రెండు పేజీలు ఎవరి తరఫున రాస్తున్నామన్నదే అసలు సంగతి.

నా మొదటి దరఖాస్తును నేను సెలవు చీటీలా రాశాను. అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారని, నాన్న మోకాళ్లు మెట్లెక్కనివ్వవని, వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవారు తలుపు బయటే ఉండాలని రాసుకొచ్చాను. ప్రతి అక్షరమూ నిజమే. కౌన్సిల్ ప్లానింగ్ అధికారి మర్యాదగా చదివి, మర్యాదగానే తిరస్కరించారు. కోపం దిగాక చట్టం తీసి చూశాను. కన్సర్వేషన్ ఏరియాల గురించిన 1990 నాటి చట్టంలోని 72వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రాంతపు స్వభావాన్ని గానీ రూపాన్ని గానీ కాపాడటంపై, లేదా మెరుగుపరచడంపై కౌన్సిల్ ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. అందులో నాన్న మోకాళ్ల ప్రస్తావన లేదు.

కన్సర్వేషన్ ఏరియా అనే ఈ ఏర్పాటు పుట్టుకే అలాంటిది. విడివిడి కట్టడాలను కాపాడే పద్ధతి అంతకు ముందే ఉంది. ఇళ్లు, చెట్లు, గోడలు కలిసి ఒక ఊరికి తెచ్చే అందాన్ని కాపాడటానికి 1967లో సివిక్ అమెనిటీస్ చట్టం వచ్చింది. ఆ ఏడాదే లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ మొదటి కన్సర్వేషన్ ఏరియా అయింది. అంటే అధికారి ముందున్న కక్షిదారు మీ ఇల్లు కాదు, మీ వీధి. కాకపోతే ఊరటనిచ్చే విషయం ఒకటుంది. మెరుగుపరిచి తీరాలని ఎవరూ అడగరు. హాని కలగకుండా ఉంటే కాపాడినట్టేనని 1992లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

కాబట్టి ముందు వీధిని చదవాలి. మీ ప్రాంతానికి కౌన్సిల్ తయారు చేసిన క్యారెక్టర్ అప్రైజల్ (ఆ ప్రాంత స్వభావాన్ని వివరించే నివేదిక) ఉంటే దించుకోండి. అధికారి మిమ్మల్ని కొలిచే కొలబద్ద చాలావరకు అదే. తర్వాత ఒక ఉదయం నడవండి. చిమ్నీలు ఎన్ని మిగిలాయి? ఇటుక పేర్పు ఎలా ఉంది? పాత గోడల్లో తరచుగా ఒక పొడుగు ముఖం, ఒక కురచ ముఖం మార్చి మార్చి కనిపిస్తాయి. దాన్ని ఫ్లెమిష్ బాండ్ అంటారు. ఈ కాలపు మేస్త్రీ అన్నీ పొడుగు ముఖాలే పేరుస్తాడు. రెండూ పక్కపక్కన పడితే అతుకు వేసిన చొక్కాలా ఉంటుంది. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే రీడింగ్‌లో ఎర్ర ఇటుకల మధ్య బూడిదరంగు ఇటుకలతో గళ్లు తీర్చిన ఇళ్లు ఉన్నాయి. వాటికి రంగు పూయడం ముగ్గు మీద పేడనీళ్లు చల్లడమే.

తర్వాత ఇంటి వెనకకు వెళ్లండి. వీధిలోంచి కనిపించదు కదా, ఇక గొడవేముంది అనుకోవద్దు. కనిపించకపోవడం మంచి వాదనే గానీ, అదొక్కటే సరిపోదు. తోకలు జంటజంటలుగా, నడుమ సందులతో వరుస పొడవునా సాగడం కూడా ఆ ప్రాంత స్వభావంలో భాగమే. అందుకే మన పని సందును పూడ్చేసినట్టు కాకుండా, కప్పినట్టు కనిపించాలి.

ఇప్పుడు రాత. సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది:

"మా నిర్మాణం ఆధునికంగా, అందంగా ఉంటుంది. ప్రాంత స్వభావానికి హాని ఉండదు. వీధిలో చాలామంది ఇలాగే కట్టుకున్నారు."

మూడు వాక్యాలు, ఒక్క ఆధారం లేదు. మూడో వాక్యమైతే ప్రమాదకరం కూడా. ఆ చాలామందిలో కొందరు కన్సర్వేషన్ ఏరియా ప్రకటించక ముందే కట్టి ఉండవచ్చు, కొందరు అడక్కుండా కట్టి ఉండవచ్చు. పోలిక చెప్పాలంటే ఈమధ్య అనుమతి పొందిన ఇల్లు వెతికి, దాని దరఖాస్తు నంబరు ఇవ్వండి. సరిదిద్దితే:

"ఈ ఇల్లు పన్నెండు ఇళ్ల వరుసలో ఏడోది. వెనక భాగాలు ఒకే ఎత్తులో, జంటలుగా, మధ్య సందులతో ఉన్నాయి. ఈ క్రమం వెనక బాటలోంచి కనిపిస్తుంది (ఫోటో 4). ప్రతిపాదిత గాజు కప్పు పై అంతస్తు కిటికీ గట్టుకు కిందే ఆగుతుంది. కొత్త గోడ పాత భాగపు చివర కన్నా 30 సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. అందువల్ల జంటల క్రమం ఇప్పటిలాగే తెలుస్తుంది. కూల్చే గోడలోని ఇటుకలనే శుభ్రం చేసి కొత్త గోడకు వాడతాం."

ముందు ఏమున్నదో, తర్వాత దాని విలువేమిటో, ఆ తర్వాత మన పని దాన్ని ఎలా తాకుతుందో. ఈ వరుస తప్పకండి. నాన్న మోకాళ్లను చివర ఒక్క వాక్యంలో చెప్పుకోవచ్చు, తప్పులేదు.

వాస్తు గురించి కొందరు అడిగారు. పొయ్యి ఆగ్నేయాన పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈశాన్యం పెరగాలని పక్క గోడను జరిపితే మాత్రం అది పైన చెప్పిన లెక్కలోకే వస్తుంది.

వచ్చే పాఠానికి మీ పని: బయటివాళ్లు నడిచే చోట్ల నుంచి మీ ఇంటి వెనక భాగానికి ఆరు ఫోటోలు తీయండి. ఎక్కడ నిలబడి తీశారో పటంలో అంకెలు వేయండి. మీ వరుసలో సందు కప్పిన ఇళ్లెన్నో, అందులో అనుమతి ఉన్నవెన్నో కౌన్సిల్ రికార్డులో చూసి రాసుకోండి. మీ స్థలం చుట్టూ ఎర్రగీత గీసిన 1:1250 పటం, ఎలివేషన్లు (ఇంటి ఒక్కో వైపు ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మలు), కౌన్సిల్ నిర్ణయానికి ఉన్న ఎనిమిది వారాల గడువు ఆ పాఠంలో చూద్దాం. అప్పటిదాకా సందులోని నాచు జోలికి వెళ్లినా ఫర్వాలేదు గానీ, గోడ జోలికి వెళ్లకండి.