రెజ్యూమె పంపే ముందు ఫ్రెషర్లు సరిచూసుకోవాల్సినవి

పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరాల్లోనా అన్నది కూడా. ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్లు సరిపోల్చేటప్పుడు ఇక్కడే చిక్కులొస్తాయి.

మార్కుల దగ్గర ఇంకా జాగ్రత్త. సీజీపీఏని (పదికి లెక్కేసే సగటు గ్రేడ్) నేరుగా 10తో గుణించి పర్సంటేజీ వేసేయకండి. కొన్ని యూనివర్సిటీల్లో ముందు 0.5 తీసేయాలి, కొన్నింట్లో 0.75. సీజీపీఏ 7.6 అయితే మీరు వేసుకున్నది 76, 0.75 లెక్కన వచ్చేది 68.5. మీ యూనివర్సిటీ రెగ్యులేషన్‌లో (కోర్సు నిబంధనల్లో) ఉన్న సూత్రమే వాడండి, దొరక్కపోతే సీజీపీఏనే ఉంచండి. ఫారంలో బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) అడిగితే దాచొద్దు.

ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, మతం, “పై వివరాలన్నీ నిజం” అనే డిక్లరేషన్ అక్కర్లేదు. ఆధార్ నంబరు అసలు పెట్టకూడదు.

ప్రాజెక్టు దగ్గర “లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేశాం” అంటే చదివేవాళ్లకు మీ గురించి ఏమీ తెలియదు. నలుగురి టీంలో మీ వంతు రాయండి: “ఆలస్య రుసుం లెక్కించే భాగం జావా, మైఎస్‌క్యూఎల్‌తో రాశాను.” మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పలేని స్కిల్ ఏదైనా ఉంటే తీసేయండి.

రెండు కాలమ్‌ల టెంప్లేట్ అందంగానే ఉంటుంది. కానీ పీడీఎఫ్‌లోని మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ వరుస కలగాపులగమైతే కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా అలాగే చదవొచ్చు, ఒకే కాలమ్‌కి మార్చండి.

గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైట్) లింకును ఇన్‌కాగ్నిటోలో, అంటే మీ లాగిన్ లేని బ్రౌజర్ విండోలో తెరవండి. రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉన్న ఫోల్డర్) ప్రైవేట్‌గా ఉంటే లాగిన్ అయి ఉన్న మీకు తెరుచుకుంటుంది, కంపెనీ వాళ్లకు తెరుచుకోదు. ఫోన్ నంబరు అంకె అంకె చదివి, ఫైలుకు మీ పేరే పెట్టి పంపండి.