కంప్యూటర్‌తో సైన్స్ పాఠం ఎలా చెప్పాలి?

చాలా స్కూళ్లలో కంప్యూటర్ పాఠం అంటే సార్ వీడియో ఆన్ చేసి పక్కన కూర్చుని రిజిస్టర్లు రాసుకోవడమే. వీడియో చూసి పిల్లలు తలూపుతారు, అంతకుమించి ఏమీ జరగదు. పదో తరగతి విద్యుత్ పాఠంతో అసలు పద్ధతి చెప్తా.

ల్యాబ్ కంప్యూటర్లు గానీ ఆంధ్రాలో నాడు-నేడు పథకంలో వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెల్ (టచ్‌తో పనిచేసే పెద్ద స్క్రీన్) గానీ ఏదైనా చాలు. ఫెట్ (PhET) సిమ్యులేషన్లలో, అంటే కంప్యూటర్‌లోనే చేసే ప్రయోగాల్లో, సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ అని ఉంటుంది, ఫెట్ అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లది, దాన్ని నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టారు, ఫ్రీ. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, స్కూల్ నెట్‌ని నమ్ముకోవద్దు. ల్యాబ్ కంప్యూటర్లయితే ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరే కూర్చోవాలి, ముగ్గుర్ని కూర్చోబెడితే మూడోవాళ్లు ఉత్తినే చూస్తుంటారు. మౌస్ సగంలో చేతులు మారాలి, ఆ మాట మీరే చెప్పాలి.

ఒక బ్యాటరీ, స్విచ్, రెండు బల్బులు శ్రేణిలో (ఒకదాని తర్వాత ఒకటి) కట్టించండి. స్విచ్ మాత్రం వేయనివ్వొద్దు!

అందరూ చెడగొట్టేది ఇక్కడే. స్విచ్ వేసే ముందు ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు అని ప్రతి ఒక్కరూ నోట్సులో రాయాలి, అదీ పెన్నుతో, పెన్సిల్‌తో అయితే తర్వాత చెరిపేస్తారు. చాలామంది ఏం రాస్తారంటే, ముందున్న బల్బు కరెంటు తినేస్తుంది కాబట్టి రెండోది డిమ్‌గా వెలుగుతుంది అని. చూసి తప్పు అనకండి, మొహంలో కూడా తెలియనివ్వకండి, తెలివైన పిల్లలు మీ మొహం చూసే జవాబు మార్చేస్తారు. నోటితో అడిగి వదిలేస్తే కూడా లాభం లేదు, ఫస్ట్ బెంచీ వాళ్లు చెప్పిందే మిగతావాళ్లూ చెప్తారు. ఇక ముందే స్విచ్ వేసేశారా, "నేనూ అదే అనుకున్నా సార్" అంటారు అందరూ, వాళ్ల బుర్రలో ఉన్న తప్పు అలాగే ఉండిపోతుంది.

అందరూ రాశాక స్విచ్ వేయమనండి. రెండూ ఒకేలా వెలుగుతాయి. వెంటనే వివరించేయకండి, రెండు నిమిషాలు ఓపిక పట్టండి, వాళ్లే గొడవపడతారు. అప్పుడు అమ్మీటర్‌తో బల్బులకి ముందు, మధ్యలో, తర్వాత కరెంటు కొలిపించండి. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు ఒక్కోటి 10 ఓములు పెడితే మూడు చోట్లా 0.45 ఆంపియర్లే వస్తుంది. మరి మొదటి బల్బు ఏం తిన్నట్టు అని అడగండి. శక్తి దగ్గరికీ వోల్టేజ్ దగ్గరికీ వాళ్లే వస్తారు, మీరు చెప్పేదానికంటే అది గట్టిగా నిలుస్తుంది.

సమాంతర సంధానం (ఒక్కో బల్బునీ విడిగా బ్యాటరీకి కలపడం) కూడా ఇదే వరసలో, రాయించాకే స్విచ్. నిజం బల్బులు, బ్యాటరీలు మర్నాడే తీయండి. టార్చి బల్బులు ఒకే రకం కొన్నా కొంచెం తేడాగా వెలుగుతాయి, అవి ముందు చూపిస్తే పిల్లల పాత నమ్మకమే బలపడుతుంది.

ఆ నోట్సులు ఇంటికి తీసుకెళ్లి చదవండి. సమాంతరం దగ్గర కూడా కరెంటు తినేస్తుందనే రాసినవాళ్లని మాత్రం విడిగా కూర్చోబెట్టి మళ్లీ కట్టించండి.